రైలు, అద్దె కారు, పడవ: మధ్యలో ఒకటి తప్పితే డబ్బు ఎవరిస్తారు?

సందేహం: సంక్రాంతి సెలవుల్లో మా కుటుంబం ఆరుగురం సముద్రతీరం వెంబడి తిరగాలనుకుంటున్నాం. విజయవాడ నుంచి రైల్లో మడగావ్ వెళ్తాం. అక్కడ నాలుగు రోజులకు సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటాం. ఆ కారుతోనే కేరి దగ్గర ఫెర్రీ ఎక్కి తేరేఖోల్ కోట చూసి, మహారాష్ట్రలోని మాల్వణ్ వెళ్లి, అక్కడి నుంచి పడవలో సింధుదుర్గ్ కోటకు. వెనక్కి వచ్చి మడగావ్‌లో కారు అప్పగించి, కొంకణ్ రైల్లో ముంబయి. అక్కడ ఇంకో కారు తీసుకుని వాహనాలను కూడా ఎక్కించుకునే రో-రో ఓడలో మాండ్వా, అలీబాగ్. రైలు ఆలస్యమై కారు బుకింగ్ పోతే ఆ నష్టం రైల్వే ఇస్తుందా? గోవాలో ఒకరు తెల్ల నంబరు ప్లేటు కారు బాగా చవగ్గా ఇస్తామంటున్నారు. 10,000 రూపాయల డిపాజిట్, ఒరిజినల్ ఆధార్ కార్డు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా? అమెరికా నుంచి వస్తున్న మా అబ్బాయి కారు నడపవచ్చా?
- ఒక పాఠకుడు, విజయవాడ

సలహా: ముందు తెల్ల ప్లేటు కారు సంగతి. దాన్ని తీసుకోకండి. మిగతా చిక్కులు డబ్బుతో తీరేవి, ఇది అలా తీరేది కాదు.

అద్దెకిచ్చే కార్లకు మోటారు వాహనాల చట్టం 75వ సెక్షన్ కింద 1989లో చేసిన రెంట్-ఎ-క్యాబ్ పథకం ఉంది. ఆ లైసెన్సున్న సంస్థ ఇచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండి. దాన్ని అద్దెకు తిప్పితే పర్మిట్ లేకుండా వాణిజ్యానికి వాడినట్టే. 192ఎ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు. 207వ సెక్షన్ కింద పోలీసులు గానీ రవాణా అధికారులు గానీ బండిని అక్కడికక్కడే ఆపేయవచ్చు. మధ్యాహ్నం ఎండలో సామానుతో రోడ్డు మీద నిలబడేది మీ కుటుంబమే. బండి యజమాని ఆ సమయానికి ఫోన్ ఎత్తితే అదృష్టం.

అసలు దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. సొంత వాడకానికి తీసుకున్న పాలసీలో 'అద్దెకు వాడరాదు' అని షరతు ఉంటుంది. ప్రమాదంలో బయటివారు ఎవరైనా గాయపడితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ చాలాసార్లు బీమా కంపెనీని ముందు చెల్లించమని, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని చెబుతుంది. అయితే బండి నడిపిన మనిషి ఆ కేసులో సాధారణంగా ప్రతివాదే. కారుకు జరిగిన నష్టానికి కంపెనీ మొదట కాదనే అంటుంది. ఇలాంటి కారు విషయంలోనే 2010లో అమలేందు సాహు కేసులో సుప్రీంకోర్టు క్లెయిమును పూర్తిగా కొట్టేయకుండా, కొంత కోసి 'నాన్ స్టాండర్డ్' పద్ధతిలో ఇవ్వమంది. కోసిన మొత్తాన్ని ఎవరి నెత్తిన రుద్దుతారో చెప్పనక్కర్లేదు. మీ డిపాజిట్ వాళ్ల దగ్గరే ఉంటుంది మరి.

నల్ల ప్లేటు కారు నడపడానికి ప్రత్యేకంగా ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు అక్కర్లేదు. ఈ పథకం కింద అద్దెకు తీసుకున్న క్యాబ్‌ను చట్టం 3వ సెక్షనే ఆ నిబంధన నుంచి మినహాయించింది. మామూలు ఎల్.ఎం.వి. (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలు. డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతుంది.

పర్మిట్ కాగితం మాత్రం చూడండి. గోవాకే పరిమితమా, ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిటా? తేరేఖోల్ కోట నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్నా అది గోవా భూభాగమే. అక్కడివరకు వెళ్లి అదే ఫెర్రీలో తిరిగొస్తే ఏ పేచీ లేదు. కోట దాటి మాల్వణ్ వైపు తిప్పారంటే మహారాష్ట్రలో ఉన్నట్టే. గోవా పర్మిట్ మాత్రమే ఉన్న కారైతే అక్కడ జరిమానా పడుతుంది. పైగా అద్దె ఒప్పందాల్లో 'రాష్ట్రం దాటితే డిపాజిట్ జప్తు' అని ఒక లైను ఉంటుంది. 'పర్లేదు సార్, అందరూ వెళ్తున్నారు' అన్న మాటను వాట్సాప్‌లో రాసి పంపమనండి. రాయకపోతే వెళ్లకండి. మాల్వణ్‌కు దగ్గరి కొంకణ్ రైల్వే స్టేషన్ కుడాళ్. కారు అక్కడే అప్పగించి రైలెక్కే వీలుందా, అలా వదిలేస్తే ఎంత తీసుకుంటారు అనేది కూడా అదే మెసేజ్‌లో తేల్చుకోండి. వెనక్కి మడగావ్ దాకా రావడం తప్పుతుంది.

మీ అబ్బాయి సంగతి. అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఒక్కటే ఇక్కడ చాలదు. 1949 జెనీవా ఒప్పందం కింద ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అక్కడే తీసుకుని, అసలు లైసెన్సుతో కలిపి దగ్గర పెట్టుకోవాలి. ఇక్కడికి వచ్చాక అమెరికా లైసెన్సు చూపి ఆ పర్మిట్ తీసుకోవడం కుదరదు. పాత భారతీయ లైసెన్సు గడువు ఇంకా ఉంటే అదే చాలు. గడువు తీరిన తర్వాత 30 రోజుల వెసులుబాటు ఉండేది, 2019 సవరణతో అది పోయింది. తేదీ ఒక్కరోజు దాటినా చెల్లే లైసెన్సు లేనట్టే. 181వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా, దాన్ని మించి బీమా పేచీ. అద్దె ఒప్పందంలో రెండో డ్రైవరుగా ఆయన పేరు రాయించండి. పేరు లేని మనిషి స్టీరింగ్ పట్టుకున్నప్పుడు చిన్న గీత పడినా సంస్థకు సాకు దొరుకుతుంది.

చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. ఒకరి బండి తీసుకుని నడిపేవారు బీమా దృష్టిలో యజమాని స్థానంలోకి వస్తారని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీ పొరపాటుతోనే కారు చెట్టుకు గుద్దుకుని మీకు దెబ్బలు తగిలితే, మీరు 'థర్డ్ పార్టీ' (బయటివారు) కిందికి రారు, పరిహారం అడగలేరు. యజమాని-డ్రైవరుకు తప్పనిసరిగా ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా రిజిస్టరైన యజమానిది, మీది కాదు. కారులో కూర్చున్న మీ కుటుంబానికి రక్షణ కావాలంటే పాలసీ ప్యాకేజ్ (సమగ్ర) పాలసీ అయి ఉండాలి. కేవలం థర్డ్ పార్టీ పాలసీ అయితే చాలదు. కారు తీసుకునేటప్పుడు ఆ పాలసీ మొదటి పేజీ ఫొటో తీసుకోండి. నడిపే ఇద్దరికీ మీ పేర్ల మీద విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోవడం మంచిది. రైలు టికెట్‌తో పాటు 45 పైసలకు వచ్చే బీమా రైలు ప్రమాదాలకే. ఆలస్యానికి గానీ కారుకు గానీ అది పనిచేయదు.

ఒరిజినల్ ఆధార్ ఇవ్వొద్దు. మాస్క్డ్ ఆధార్ (చివరి నాలుగు అంకెలే కనిపించేది) ప్రింటు చాలు. పాస్‌పోర్ట్ అడిగితే అసలే ఇవ్వొద్దు, అది ప్రభుత్వ ఆస్తి. అబ్బాయి తిరుగు ప్రయాణం రోజున అది అద్దె సంస్థ బీరువాలో ఉండిపోతే ఆ తిప్పలు మీవే. డిపాజిట్ నగదుగా కాకుండా యూపీఐలో గానీ కార్డుతో గానీ కట్టి, రసీదులో 'తిరిగి ఇవ్వదగిన డిపాజిట్' అన్న మాట రాయించండి.

కారు చేతికొచ్చిన పది నిమిషాలే రేపటి గొడవను తేలుస్తాయి. ఇంజిన్ ఆపి ఉండగా వీడియో మొదలుపెట్టి, నంబరు ప్లేటు నుంచి కారు చుట్టూ ఒక రౌండు ఆపకుండా తిరగండి. నాలుగు బంపర్ మూలలు, వీల్ రిమ్ములు, అద్దం మీద చిన్న పగుళ్లు, డిక్కీలో స్టెప్నీ, జాకీ, తర్వాత వంగి బంపర్ అడుగు భాగం. గొడవలన్నీ అక్కడే పుడతాయి, వీడియోలో ఎవరూ అక్కడ చూపించరు. చివరగా ఓడోమీటర్, పెట్రోలు ముల్లు, ఫాస్టాగ్ బ్యాలెన్స్. తీసిన వీడియో వెంటనే సంస్థ నంబరుకు వాట్సాప్ చేయండి, తేదీ సమయంతో అదే సాక్ష్యం. అప్పగించేటప్పుడు ఇంకోసారి.

'బంపర్‌కు 8,000 అయింది, డిపాజిట్‌లో పట్టుకున్నాం' అన్నారనుకోండి. సర్వీస్ సెంటర్ బిల్లు, బీమా సర్వేయర్ రిపోర్టు అడగండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగుదల కోస్తారు, గాజుకు కోత లేదు. అందుకే బంపర్ పగిలితే సగం ఖర్చు మీ వైపు వస్తుంది. తరుగుదల కోయని జీరో డిప్ పాలసీ ఉంటే ఆ సగం కూడా అడగకూడదు. 'కారు గ్యారేజీలో ఉన్న రోజులకు అద్దె' అన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఎన్ని రోజులో, రోజుకు ఎంతో పరిమితి లేకపోతే సంతకానికి ముందే రాయించండి. ఒప్పందంలో ఎంత రాసినా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం వారికి దక్కేది సమంజసమైన పరిహారమే. డిపాజిట్ మొత్తం మింగేయడానికి అది లైసెన్సు కాదు. తర్వాత వచ్చే ఈ-చలాన్లకు కూడా అంతే, తేదీ, సమయం, ఫొటో ఉన్న చలాన్ కాపీ ఇస్తేనే కట్టండి. పరివాహన్ సైట్‌లో బండి నంబరుతో మీరే చూసుకోవచ్చు. బీచ్ ఇసుకలోకి మాత్రం కారు దింపకండి. గోవాలో కేసు పెడతారు, అలలో ఇంజిన్‌లోకి నీరెక్కితే బీమా కూడా ముఖం చాటేస్తుంది.

కారుతో ఫెర్రీ ఎక్కడం గురించి. మన నరసాపురం-సఖినేటిపల్లి పంటు ఎక్కినవారికి ఇది కొత్త కాదు. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, పిల్లల్ని కారులోంచి దింపేయాలి. ప్యాకేజ్ పాలసీలో కవరయ్యే ప్రమాదాల జాబితాలో 'రోడ్డు, రైలు, అంతర్గత జలమార్గం, లిఫ్టు, ఎలివేటర్, విమానంలో రవాణా' అని స్పష్టంగా ఉంటుంది. కేరి ఫెర్రీ నది మీదిది కాబట్టి పేచీ లేదు. ముంబయి-మాండ్వా రో-రో హార్బర్ నీళ్ల మీద వెళ్లేది, ఆ జాబితాలో సముద్రం అన్న మాట లేదు. హార్బర్‌ను అంతర్గత జలం అనవచ్చా అన్నదానికి రెండు వైపులా వాదించవచ్చు. వాదించే అవసరం రాకుండా, ఆ కారు సంస్థ నుంచి రో-రో ఎక్కించడానికి రాతపూర్వక అనుమతి, బీమా కంపెనీ నుంచి ఒక్క లైను ఈమెయిల్ తీసుకోండి. అంత శ్రమ ఎందుకు అనుకుంటే, అవతలి ఒడ్డున కారు తీసుకోవడం ఇంకా తేలిక, మీరు కారు లేకుండా ఓడ ఎక్కితే సరి.

సింధుదుర్గ్ పడవకు టికెట్ చేతికి వచ్చాకే ఎక్కండి. ఎవరో ఒకరి చేతిలో డబ్బు పెట్టి ఎక్కితే, రేపు ఏదైనా జరిగినప్పుడు మీరు ఆ పడవలో ఉన్నారని నిరూపించడమే కష్టం. లైఫ్ జాకెట్ బకిల్ పనిచేస్తోందో లేదో వేసుకుని చూడండి. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర, 2024 డిసెంబరులో ముంబయి గేట్‌వే దగ్గర పడవలు మునిగి ఏం జరిగిందో తెలిసిందే. యాత్ర జూన్‌కు వాయిదా వేస్తే కోట పడవలు ఆపేస్తారు, కొంకణ్ రైళ్లకు వర్షాకాలపు టైంటేబుల్ వస్తుంది. పాత సమయాలు నమ్ముకోవద్దు.

ఇక రైల్వే. మీ ఒక్కో మజిలీ ఒక్కో ఒప్పందం. కారు సంస్థకు రైలుతో సంబంధం లేదు, రైల్వేకు మీ పడవతో సంబంధం లేదు. అయినా దారి లేకపోలేదు. 2016 జూన్‌లో అజ్మేర్-జమ్మూ ఎక్స్‌ప్రెస్ ఉదయం 8:10కి రావలసింది 12 గంటలకు జమ్మూ చేరింది. సంజయ్ శుక్లా కుటుంబానికి 12 గంటలకే శ్రీనగర్ విమానం. అది తప్పింది, టాక్సీలో వెళ్లారు, దాల్ సరస్సులో పడవ బుకింగ్ డబ్బూ పోయింది. ఆలస్యానికి హామీ లేదన్న తమ టారిఫ్ నిబంధనలను రైల్వే అడ్డం పెట్టుకుంది. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆలస్యం తమ చేతిలో లేదని రైల్వే సాక్ష్యంతో నిరూపించాలి, లేకపోతే చెల్లించాలి అంది. టాక్సీకి 15,000, బుకింగ్‌కు 10,000 రూపాయలు, మనోవేదనకు, కోర్టు ఖర్చులకు అయిదేసి వేలు నిలబెట్టింది.

ఈ తీర్పులో గమనించాల్సింది, ఆయన రైలుకు, విమానానికి మధ్య దాదాపు నాలుగు గంటలు వదిలారు. మీరు రైలు దిగే సమయానికే కారు బుక్ చేసుకుని 40 నిమిషాల ఆలస్యానికి కేసు వేస్తే ఎవరూ జాలిపడరు. కారు పికప్ కనీసం మూడు గంటల తర్వాతకు పెట్టండి. ఆలస్యం మొదలైన వెంటనే రైలు ఎక్కడుందో చూపే స్క్రీన్‌షాట్‌తో సంస్థకు మెసేజ్ పెట్టండి. ఎంత ఆలస్యమైతే బుకింగ్ రద్దవుతుందో ఒప్పందంలో చూసుకోండి. ఒకే ఏజెంట్ దగ్గర మొత్తం ప్యాకేజీగా తీసుకుంటే, ఏ మజిలీ చెడినా ఆ ఏజెంటునే అడగవచ్చు. ఆ వెసులుబాటుకు కాస్త ఎక్కువ కట్టినా నష్టం లేదని నా అభిప్రాయం.

ముంబయి వెళ్లే రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ఎక్కకూడదనుకుంటే టికెట్ డబ్బు పూర్తిగా వస్తుంది. రైలు మడగావ్ నుంచి కదలకముందే ఆన్‌లైన్‌లో టీడీఆర్ (టికెట్ డబ్బు వాపసు కోరే దరఖాస్తు) వేయాలి. కదిలాక వేస్తే అది చెల్లదు. ఫెర్రీ దగ్గర క్యూలో చిక్కుకుని మీరే రైలు తప్పితే మాత్రం రైల్వే బాధ్యత లేదు, అందుకే చివరి రోజు ఫెర్రీ పెట్టుకోకండి.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి? టికెట్ డబ్బు వాపసు వివాదమైతే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్. ఆలస్యం వల్ల జరిగిన నష్టం, అద్దె కారు డిపాజిట్, పడవ వాళ్ల నిర్లక్ష్యం వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే, అంటే విజయవాడలోనే వేయవచ్చు. గోవా తిరగనక్కర్లేదు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయవచ్చు. ఒప్పందంలో 'మధ్యవర్తిత్వం ద్వారానే' అని ఉన్నా అది కమిషన్‌కు అడ్డు కాదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. డిపాజిట్ గొడవలు కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే సంస్థకు స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, గొడవ పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. వీడియో, రసీదులు, మెసేజ్‌లు అంతవరకు డిలీట్ చేయకండి.