ఓఆర్‌ఎస్ చిక్కగా కలిపితే త్వరగా తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి నాలుగేళ్లు. నిన్నట్నుంచి నీళ్ల విరేచనాలు. బాగా పనిచేస్తుందని లీటరు ప్యాకెట్‌ని అర లీటరులోనే కలిపి పట్టిస్తున్నా, మోషన్స్ ఇంకా ఎక్కువయ్యాయి. అసలు అందులో చక్కెర ఎందుకండీ?

జవాబు: ముందు అది పారబోసి, కొత్త ప్యాకెట్ కొలిచిన లీటరు నీళ్లలో కలపండమ్మా, మిగతాది తర్వాత చదువుదురు. పిల్లాడి మీద ప్రేమతోనే చాలామంది ఇలా చేస్తారు, అందుకే వివరంగా చెప్తున్నా.

పేగు లోపలి గోడలో ఒక్కో కణం చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది, ఉప్పులోని సోడియం గానీ గ్లూకోజ్ గానీ దాన్ని నేరుగా దాటలేవు, ప్రోటీన్ దారులు కావాలి. అందులో ఎస్‌జీఎల్‌టీ1 అనే దారి రెండు సోడియంలు, ఒక గ్లూకోజ్ జతగా వస్తేనే లోపలికి తీసుకుంటుంది, అందుకే చక్కెర. ఈ జత సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. కణానికి అవతలి వైపు ఇంకో పంపు ఉంది, అది ఏటీపీ అనే కణ ఇంధనాన్ని ఖర్చుపెట్టి విడతకి మూడు సోడియంలని రక్తం వైపు తోసేసి రెండు పొటాషియంలని లోపలికి లాక్కుంటుంది, అలా తోడుతూ ఉండబట్టే కణంలో సోడియం తక్కువుండి ఇటునుంచి ఇంకా వస్తూ ఉంటుంది. సోడియం, గ్లూకోజ్ ఎటు పోతే నీళ్లూ అటే. కలరాలో పేగులోంచి నీళ్లు ధారగా పోతున్నా ఈ దారి మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, నాకైతే ఇది ఎప్పుడు తలుచుకున్నా అద్భుతమే.

ఇప్పుడు చిక్కదనం సంగతి. 2002లో వచ్చిన డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మొత్తం గాఢత లీటరుకి 245 మిల్లీఆస్మోల్స్ (కరిగున్న పదార్థాల కొలత), అంటే రక్తం కంటే కాస్త పల్చన. మీరు కలిపింది 490. అంత చిక్కటిది పేగులో పడితే ఆస్మాసిస్ వల్ల, అంటే నీళ్లు పల్చటి వైపు నుంచి చిక్కటి వైపుకి పోయే గుణం వల్ల, ఒంట్లో నీళ్లే ఎదురు పేగులోకి వచ్చేస్తాయి, మోషన్స్ పెరుగుతాయి, రక్తంలో సోడియం పెరిగితే ఫిట్స్ కూడా రావచ్చు. కూల్‌డ్రింకులూ వద్దు, వాటిలో చక్కెర మరీ ఎక్కువ, సోడియం దాదాపు ఉండదు.

మోషన్ అయిన ప్రతిసారీ 100 నుంచి 200 మి.లీ. కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకో స్పూను చొప్పున మళ్లీ మొదలుపెట్టండి. కలిపింది 24 గంటలు దాటితే వాడొద్దు. చిక్కటిది ఇప్పటికే తాగాడు కాబట్టి ఈరోజే పిల్లల డాక్టర్‌కి చూపించి ఎలా కలిపారో దాచకుండా చెప్పండి. మత్తుగా పడుంటున్నా, కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంకేం ఆలోచించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.