నా గడువు ఎనిమిదో తరగతిలోనే అయిపోయింది, మీది అవ్వలేదు

2014లో విజయవాడ హాస్టల్లో ఆరో తరగతి చదువుతుండగా వార్డెన్ మీ ఒంటి మీద చేతులు వేశాడని రాశారు. ఇన్నేళ్లయ్యాక కేసు తీసుకుంటారా, పైగా నేను మగవాణ్ణి కదా అని అడిగారు. తీసుకోవాలి. పిల్లలపై లైంగిక నేరాలకి ఉన్న పోక్సో చట్టం అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా ఒకటే. మీ గడువు దాటలేదు. ఎందుకో మా ఇంట్లో జరిగింది చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

మాది కర్ణాటకలోని బళ్లారి. 2007లో నేను ఐదో తరగతిలో ఉండగా ట్యూషన్ మాస్టారు పక్కన కూర్చోబెట్టుకుని, లెక్కలు దిద్దుతూ ఒంటి మీద చెయ్యి వేసేవాడు. ట్యూషన్ మానేస్తానంటే "చదువు ఎగ్గొట్టడానికి సాకులా" అంది అమ్మ. ఇంక నోరెత్తలేదు. 2015లో మా పిన్ని కూతురు, తొమ్మిదేళ్లది, అతని దగ్గరికే వెళ్లింది. నేనప్పుడు ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను. 2022లో ఒక రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు అది చెప్పింది. విని నేను ఏడుస్తుంటే, "అక్కా, నీక్కూడానా?" అని అడిగింది.

మొదట వెళ్లిన స్టేషన్లో "ఏడేళ్లయిందిగా, టైం బార్ అయిపోయుంటుంది, పిల్ల పరువు చూసుకోండి" అని పంపించేశారు. బాబాయి ఊరుకోలేదు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకి తీసుకెళ్లాడు. అక్కడి లాయరమ్మ కాగితం మీద 2007 ఒక పక్క, 2015 ఒక పక్క రాసి, మధ్యలో నిలువుగీత గీసి దాని పక్కన 14 నవంబర్ 2012 అని వేసింది. పోక్సో అమల్లోకి వచ్చిన రోజది.

గరిష్ఠ శిక్ష ఏడాది దాటి మూడేళ్ల వరకు ఉండే నేరాలకి మూడేళ్ల గడువు. అంతకు మించి శిక్ష పడే నేరానికి గడువే లేదు. పాత నేర ప్రక్రియా స్మృతిలో ఇది 468వ సెక్షన్, 2024 జులై నుంచి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 514. చెల్లికి అప్పుడు 12 ఏళ్ల లోపే కాబట్టి పోక్సో 10వ సెక్షన్, శిక్ష అయిదు నుంచి ఏడేళ్లు. గడువు లేదు. నాకు వర్తించేది పాత శిక్షాస్మృతి ఐపీసీలో, స్త్రీల మీద అసభ్యంగా చెయ్యి వేయడానికి సంబంధించిన 354వ సెక్షన్. అప్పట్లో మా రాష్ట్రంలో దానికి గరిష్ఠంగా రెండేళ్లే శిక్ష (ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1991 సవరణతో ఏడేళ్ల వరకు ఉండేది). 2013లో శిక్ష పెంచారు గానీ రాజ్యాంగం 20వ అధికరణ వల్ల అది వెనక్కి వర్తించదు. అంటే నా గడువు 2010లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగానే తీరిపోయింది. సివిల్ దావాకైతే మైనారిటీ తీరాకే కాలం లెక్క మొదలవుతుంది. క్రిమినల్ కేసుకి ఆ వెసులుబాటు లేదు. పదమూడేళ్ల పిల్ల తనంతట తాను స్టేషన్ మెట్లు ఎక్కాలని ఏ చట్టమైనా ఎలా అనుకుంటుంది? ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకి అదే పాత స్మృతి 473వ సెక్షన్ కింద ఉందని లాయరమ్మ చెప్పింది. నేను మాత్రం చెల్లి కేసులో సాక్షిగా నిలబడతానన్నాను.

మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చి వాంగ్మూలం రాసుకుంది. తేదీ గుర్తులేదంటే, "వినాయకచవితికి ముందా తర్వాతా?" అనడిగింది. "నిమజ్జనం రోజు. బయట డప్పులు మోగుతుంటే తలుపేశాడు" అంది చెల్లి. పాత లెక్కల నోటుబుక్కులో మాస్టారు ఎర్రసిరాతో దిద్ది తేదీ వేసిన పేజీలు కూడా ఇచ్చాం.

కోర్టులో అవతలి లాయరు ప్రశ్నలు చెల్లిని నేరుగా అడగలేదు. జడ్జిగారి ద్వారానే వచ్చాయి, పోక్సోలో పద్ధతి అదే. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకి "నన్నే కొడతారనుకున్నా" అంది. ఇలాంటి కేసుల్లో ఆలస్యంగా చెప్పినంత మాత్రాన కేసు వీగిపోదని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులోనే చెప్పింది. ఏడాదిలో విచారణ ముగించాలంటుంది చట్టం. మాది ఇంకా నడుస్తోంది. అది కూడా దాచకుండా చెబుతున్నాను.

మీది గీతకి ఇవతల, 2014. హాస్టల్ సిబ్బంది చేస్తే తీవ్రమైన నేరం కిందికే వస్తుంది, చెల్లి కేసులోలాగే 10వ సెక్షన్, గడువు లేదు. నోటి మాటలు, బొమ్మలు చూపించడం వరకే అయితే 12వ సెక్షన్, శిక్ష మూడేళ్ల వరకే, అక్కడ గడువు అడ్డం రావచ్చు. మీరు రాసినది అది కాదు.

హైదరాబాద్‌లో ఉంటున్నానన్నారు కదా, అక్కడి స్టేషన్లోనే జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు, అంటే నేరం వేరే ఊళ్లో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. మీ పేరు పత్రికల్లో రాకూడదు, అది చట్టం. ఈ లోపు రూం నంబరు, రూంమేట్ల పేర్లు, ఫీజు రసీదులు, అప్పట్లో ఎవరికైనా చెప్పుంటే వాళ్ల పేరు, అన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. వార్డెన్‌కి మాత్రం ఫోన్ చెయ్యకండి. న్యాయ సహాయానికి 15100, రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే మాట్లాడటానికి 14416.

కేసు పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి మీకు ఎంతకాలం పట్టినా పర్వాలేదు. కానీ ఆ వార్డెన్ ఇప్పటికీ పిల్లల మధ్యే ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఈ రోజే చెప్పండి. మా మాస్టారు నా తర్వాత ఎనిమిదేళ్లు అదే గదిలో ట్యూషన్లు చెప్పాడు.