పెళ్లికార్డు మొత్తం గ్రేట్ వైబ్స్ లాంటి సన్నటి కర్సివ్ (ఇంగ్లీషు కలిపిరాత) ఫాంట్‌లో వేయిస్తే బాగుంటుందా?

వద్దండీ. అమ్మాయి పేరు, అబ్బాయి పేరు ఆ ఫాంట్‌లో పెద్ద సైజులో వేయించుకోండి, అక్కడితో ఆపేయండి. ముహూర్తం, మండపం అడ్రసు, ఫోన్ నంబర్లు మాత్రం మీకు ఎంత నచ్చినా దాంట్లో వద్దు. నేను ప్రెస్సులో డీటీపీ, అంటే కంప్యూటర్‌లో కార్డులు కూర్చే పని చేస్తాను, సీజన్ వచ్చిందంటే పొద్దున లేస్తే శుభలేఖలే పని, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మీరు అడిగిన గ్రేట్ వైబ్స్ మంచి ఫాంటే, గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా దొరుకుతుంది. నాకైతే ఎడ్వర్డియన్ స్క్రిప్ట్ ఇంకా ఇష్టం, ఎడ్ బెంగియాట్ 1994లో చేసింది. ఇవన్నీ మొనదేలిన స్టీలు పాళీతో రాసే రాత నుంచి వచ్చినవి. పాళీ కిందకి లాగేటప్పుడు నొక్కుతారు కాబట్టి గీత లావుగా పడుతుంది, పైకి తీసేటప్పుడు వదిలేస్తారు కాబట్టి వెంట్రుక లాగా వస్తుంది. అందమంతా ఆ వెంట్రుక గీతలోనే ఉంది, ప్రింటింగ్‌లో ముందు పోయేది కూడా అదే.

మొన్న సీజన్లో ఒకాయన కూతురి పెళ్లికార్డుకి వచ్చారు. మెరూన్ కార్డు మీద గోల్డ్ స్క్రీన్ ప్రింటింగ్ (సన్న గుడ్డలోంచి ఇంకు దించి వేసే అచ్చు), ఇంగ్లీషు పేజీ మొత్తం కర్సివే కావాలని అమ్మాయి ఫోన్లో బొమ్మ పంపింది. బాబాయ్ గారూ, అడ్రసు చదవలేరండీ అంటే మా పిల్ల మాట కాదనలేను బాబూ అన్నారు. సరే అని శాంపిల్ తీసి చేతిలో పెట్టాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు, మా అమ్మాయి పేరు టీ తో కదా మొదలవ్వాలి, ఇదేంటి ఎఫ్ పెట్టావ్ అన్నారు. అది టీ యేనండీ, ఈ ఫాంట్‌లో రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి అని చెప్పా. ఇక కింద చిన్న సైజులో ఉన్న అడ్రసు సంగతి చూడాలి, గోల్డ్ ఇంకులో ఉండే రేకులు మామూలు రంగు కంటే ముతకగా ఉంటాయి కాబట్టి స్క్రీన్ గుడ్డలో సన్న గీత ఉన్నచోట అడ్డం పడి ఇంకు దిగలేదు, అక్షరానికీ అక్షరానికీ మధ్య కలిపే గీతలన్నీ ఎగిరిపోయి మెరూన్ మీద బంగారు రంగు ముక్కలు మిగిలాయి. ఆయన అక్కడే నిలబడి కూతురికి ఫోన్ చేసి, అమ్మా పేర్లు నీ ఇష్టం, మిగతాది మాత్రం మామూలు అక్షరాల్లో వేయిస్తున్నా అని చెప్పేశారు. పేర్లకి కోరెల్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అదే రంగుతో అక్షరం చుట్టూ కొంచెం అవుట్‌లైన్ ఇచ్చి లావు చేశాను, కార్డు చక్కగా వచ్చింది.

మీరు కూడా డిజైనర్ని ఈ అవుట్‌లైన్ గురించి తప్పకుండా అడగండి. పేరంతా క్యాపిటల్స్‌లో వేయనివ్వకండి, కర్సివ్ క్యాపిటల్స్ పక్కపక్కన పెడితే తీగలు ఒకదాన్నొకటి చుట్టుకుని దేవుడు కూడా చదవలేడు. అక్షరాల మధ్య గ్యాప్ పెంచమని కూడా అడగొద్దు, కలిసే చోటు తెగిపోతుంది. పెళ్లి బోర్డుకి స్టిక్కర్ కటింగ్ చేయిస్తే ముందు అక్షరాలన్నీ వెల్డ్ చేయమనండి, అంటే కలిపి ఒకే ఆకారం చేయమనండి, లేకపోతే స్టిక్కర్ కోసే ప్లాటర్ మెషీన్ ప్రతి అతుకు దగ్గరా విడిగా కోసేస్తుంది. ఇంకోటి, దయచేసి వాట్సాప్‌లో మసక స్క్రీన్‌షాట్ పంపి అచ్చం ఇదే ఫాంట్ కావాలి అనకండి, అందులో సగం కార్డుల్లో ఫాంటే ఉండదు, ఎవరో చేత్తో రాసింది ఉంటుంది.

అసలు నాకు బాధ ఎక్కడంటే, ఇంగ్లీషు పేరుకి ఇంత తాపత్రయపడతారు, తెలుగు పేజీకి వచ్చేసరికి ఏదో ఒకటి పెట్టేయ్ అంటారు. ఏదో ఒకటి పెట్టడం కూడా సులువేం కాదు, ఫోన్లో యూనికోడ్‌లో (ఫోన్లన్నీ వాడే అక్షరాల పద్ధతి) టైప్ చేసి పంపింది మా ప్రెస్సుల్లో వాడే అను తెలుగు ఫాంట్లలోకి మార్చేసరికి వత్తులు చెల్లాచెదురవుతాయి, మళ్ళీ కూర్చుని దిద్దాలి. కొందరైతే మామూలు తెలుగు ఫాంట్‌ని పక్కకి వంచి ఇదే స్టైల్ అంటారు, గుండ్రటి అక్షరాన్ని అలా వంచితే సున్న కోడిగుడ్డు అయిపోతుంది.

మనకి కలిపిరాత లేక కాదు కదా! ఊరి భూముల లెక్కలు రాసిన కరణాల గొలుసుకట్టు రాత ఉంది. మా ఇంట్లో పాత దస్తావేజు ఒకటి ఉంది, కలం ఎత్తకుండా రాసుకుంటూ పోయారు, ఒక అక్షరం తలకట్టు అలాగే సాగి పక్క అక్షరంలోకి దిగుతుంది, వత్తు చివర తోక లాగి దాంతోనే తర్వాతి మాట మొదలుపెట్టారు. 1984లో కరణాల వ్యవస్థ తీసేశాక ఆ చెయ్యి తిరిగినవాళ్ళు ఎంతమంది మిగిలారో, ఇప్పుడు ఆ కాగితాలు చదివించుకోడానికే మనిషిని వెతుక్కోవాలి. శుభలేఖ మీద వేయదగ్గ గొలుసుకట్టు ఫాంట్ ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఫాంట్లు చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నాకు మెసేజ్ పెట్టండి, దస్తావేజు స్కాన్ చేసి పంపిస్తాను, ముందు లక్ష్మి, శ్రీనివాస్ అనే రెండు పేర్లు రాసి చూపించండి, ఆ వత్తులు కుదిరితే మిగతా అక్షరాలు అవే కుదురుతాయి.