పాత బండి ఇంజన్‌లో టకటక శబ్దం: బోరు విప్పించే ముందు చూడవలసినవి

2006 నాటి వంద సీసీ బండికి స్లోలో ఉన్నప్పుడు ఇంజన్ పైభాగం నుంచి టకటకమని శబ్దం వస్తోందని, వేడెక్కినా తగ్గడం లేదని, మెకానిక్ బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి భాగం) పని చేయించమంటున్నాడని మీరు రాశారు. దయచేసి అప్పుడే ఇంజన్ విప్పించకండి. హనుమకొండలో దాదాపు అదే వయసు బండితో నేను ఇదే శబ్దం విని, తొందరపడి, బాగున్న వాల్వును (ఇంజన్‌లోకి గాలినీ, బయటికి పొగనూ వదిలే కవాటాన్ని) పోగొట్టుకున్నాను.

అప్పట్లో ఉద్యోగానికి రోజూ పరకాల వెళ్లి వచ్చేవాడిని. ఒక వానాకాలం ఉదయం గూడెప్పాడ్ క్రాస్ రోడ్డు దగ్గర బండి ఆపినప్పుడు ఆ శబ్దం మొదటిసారి నా చెవిన పడింది. దారిలోని ఒక షెడ్డులో చూపిస్తే, ఇవి టాపెట్లేనని (వాల్వులను నొక్కి తెరిచే భాగాలు) చెప్పి, వేడిగా ఉన్న ఇంజన్ మీదనే, ఫీలర్ గేజ్ (సన్నని ఖాళీలు కొలిచే రేకు) లేకుండా చేతి అంచనాతో బిగించారు. శబ్దం చాలావరకు అణగడంతో నేను ఎంతో సంతోషించాను. నెల తిరిగేసరికి పికప్ పడిపోయింది. బండి వేడిగా ఉన్నప్పుడు కిక్కు కొడితే కాలికి బరువే తగలకుండా కిందికి జారేది.

ఆ తర్వాత కాజీపేటలో ఒక పెద్దవయసు మెకానిక్ మూత తీసి, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే వైపు) టాపెట్‌కూ వాల్వుకూ మధ్య ఖాళీ అన్నదే లేదని చూపించారు. వాల్వు వేడికి సాగుతుంది కనుక ఆ సన్నని ఖాళీ ఉండి తీరాలి; లేకపోతే వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోదు, మండే వాయువు ఆ సందులోంచి తన్నుకొస్తూ దాని అంచును కాల్చేస్తుంది. సన్నగా టిక్‌టిక్‌మనే టాపెట్ కంటే, బొత్తిగా చప్పుడు చేయని టాపెట్‌నే నేను ఎక్కువగా అనుమానిస్తాను.

కొత్త వాల్వు వేసి, చల్లని ఇంజన్ మీద గేజ్‌తో ఖాళీ సరిచేశాక, మొదటి శబ్దం మళ్లీ అలాగే వచ్చింది! ఆయన కంగారుపడకుండా సైలెన్సర్ పైపు ఇంజన్ హెడ్డుకు కలిసే చోట వేలు పెట్టి చూపించారు. అక్కడ చుట్టూ నల్లని మసి పట్టి ఉంది. లోపలి గ్యాస్కెట్ (పొగ లీకవకుండా అతుకులో పెట్టే రింగు) నలిగిపోయి పొగ లీకవుతోంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకుంటుంది. పొగ కూడా అప్పుడే ఒక్కసారి బయటికి వస్తుంది. ఈ రెండు శబ్దాల లయ ఒకటే కావడం వల్ల అనుభవం ఉన్న చెవి కూడా మోసపోతుంది. గ్యాస్కెట్ మార్చిన మరుక్షణం శబ్దం ఆగిపోయింది.

కాబట్టి ముందుగా ఆయిల్ మట్టం చూసుకుని, రాత్రంతా నిలిపిన బండి సైలెన్సర్ జాయింటు మీద సబ్బునీళ్లు చల్లి స్టార్ట్ చేయండి. బుడగలు లేస్తే లీకు తెలిసిపోతుంది. అక్కడ ఏమీ లేకపోతే ఇంజన్ పూర్తిగా చల్లారాక టాపెట్లు సరిచేయించండి. మాగ్నెట్ చక్రం మీది టీ గుర్తు (పిస్టన్ పైకొసకు వచ్చిందని తెలిపేది) కేసు మీది గుర్తుకు ఎదురుగా వచ్చి, రెండు టాపెట్లూ వదులుగా కదిలే స్థితిలో ఉన్నప్పుడే కొలవాలి; ఎంత ఖాళీ ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో చూసి మెకానిక్‌కు చెప్పండి. రేసు వదిలినప్పుడు గరగరమంటే వాల్వులను నడిపే టైమింగ్ చైనునూ, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్‌నూ చూడాలి. క్లచ్ నొక్కగానే శబ్దం మారితే దోషం సాధారణంగా క్లచ్ వైపే ఉంటుంది.

అరిగిన బోరులో పిస్టన్ చేసే చప్పుడు మామూలుగా చల్లగా ఉన్నప్పుడు ఎక్కువై, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. మీ శబ్దం తగ్గడం లేదంటున్నారు కనుక బోరు మీద నాకు అనుమానం తక్కువ. సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తోందా, ఆయిల్ తరిగిపోతోందా అన్నది కూడా గమనించండి. అయితే బరువు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు, ఇంజన్ అడుగు నుంచి బరువైన దబదబ వినిపిస్తే అది కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) కావచ్చు. అప్పుడు బండిని ఇక నడపకుండా షెడ్డుకు తోసుకెళ్లండి.

సబ్బునీళ్ల పరీక్షలో ఏం తేలిందో ఇక్కడే రాయండి, తర్వాత ఏం చూడాలో చెబుతాను.