సెల్ఫ్ మొరాయిస్తే కొత్త బండికి అప్పు చేయాలా?

ప్రశ్న: మాది తణుకు. నా 150 సీసీ బండి కొని ఆరేళ్లయింది. నెల రోజులుగా సెల్ఫ్ నొక్కితే 'టిక్' మంటోంది తప్ప ఇంజిన్ తిరగడం లేదు. స్టార్టర్ మోటారు మార్చాలని, 4,500 రూపాయలవుతుందని మెకానిక్ అన్నారు. ఇంట్లోనే విప్పి చూద్దామని మా బావమరిది అంటున్నాడు. షోరూమ్‌వారేమో ఈ బండి ఇచ్చేసి, లక్ష రూపాయల అప్పుతో కొత్తది తీసుకోమంటున్నారు. నా జీతం 24,000. ఏది మేలు?

సమాధానం: ముందు షోరూమ్ మాట తేల్చేద్దాం. లక్ష రూపాయలు 12 శాతం వడ్డీకి తీసుకుని 36 నెలల్లో తీర్చాలంటే నెలకు సుమారు 3,320 కట్టాలి. మొత్తం 1,19,500 పైచిలుకు. సెల్ఫ్ తప్ప బండికి మరే జబ్బూ లేనప్పుడు ఇది ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

ఇక మెకానిక్ చెప్పిన 4,500. ఆ మాట తప్పనడం లేదు, తొందరపాటు అంటున్నాను. నేను లెక్కలు చూసేవాణ్నే కానీ, పదిహేనేళ్లు ఒకే బండి నడిపినవాణ్ని కూడా. 'టిక్' మంటోందంటే మీట నొక్కిన సంగతి రిలే (మోటారుకు కరెంటు వదిలే స్విచ్చి) వరకు చేరుతోందన్నమాట. తర్వాత అనుమానించాల్సింది మోటారును కాదు, బ్యాటరీని. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, దానితో చూడండి. నిండుగా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు అది 9.5 కంటే కిందికి జారితే మోటారు జోలికి వెళ్లకండి, బ్యాటరీ సంగతి చూడండి. బ్యాటరీకి వైర్లు బిగించే టెర్మినళ్లకు తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే ముందు అది శుభ్రం చేసి, మళ్లీ నొక్కి చూడండి. చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

వోల్టేజీ నిలకడగా ఉండి, టెర్మినళ్లూ వైర్లూ గట్టిగానే బిగిసి ఉంటే అప్పుడు మీ బావమరిదిని పిలవండి. మోటారులోని కార్బన్ బ్రష్‌లు అరిగిపోతే కరెంటు సరిగా అందదు. మోటారు కొత్తది కొనే బదులు బ్రష్‌లు మాత్రమే మార్చడం కుదురుతుందేమో విడిభాగాల దుకాణంలో అడగండి. విప్పేముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి, ప్రతి భాగాన్నీ ఫోనులో ఫొటో తీసుకోండి. సుత్తితో మాత్రం కొట్టకండి. లోపలి అయస్కాంతాలు పగిలితే మిగిల్చుకున్న డబ్బంతా అక్కడే పోతుంది. నొక్కినప్పుడు మోటారు గిర్రున తిరిగి ఇంజిన్ కదలకపోతే అది మోటారు తిప్పుడును ఇంజిన్‌కు అందించే వన్‌వే క్లచ్ లోపం. దానికి ఇంజిన్ విప్పాలి, కాబట్టి ఇంట్లో ప్రయోగాలు వద్దు.

బీమా ఇస్తుందేమోనని ఆశ పెట్టుకోకండి. సాధారణ వాహన బీమా అరుగుదలకూ విద్యుత్ లోపాలకూ వర్తించదు. అందుకే నెలకు 500 చొప్పున విడిగా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఏడాదికి 6,000 అవుతుంది. ఈసారి బ్యాటరీయో టైరో పోయినప్పుడు క్రెడిట్ కార్డు వంక చూడాల్సిన అవసరం రాదు.

బండికి కిక్ ఉంటే తొందరేమీ లేదు, జీతం పడ్డాక చేయించండి. లేకపోతే ఆదివారం సాయంత్రం మాత్రం విప్పకండి. దుకాణాలు తెరిచి ఉండే రోజు ఉదయాన్నే మొదలుపెట్టండి. పని మధ్యలో ఆగి మర్నాడు ఉద్యోగానికి సెలవు పెట్టాల్సి వస్తే, ఆ ఒక్క రోజు జీతం 800 రూపాయలు.