టెక్ సందేహాలు: లింకు దాచుకుంటే జీవో దాచుకున్నట్టు కాదు

ప్రశ్న: మా మండలానికి సంబంధించిన జీవోలు, జిల్లా వెబ్‌సైటు నోటీసుల లింకులు ఏళ్లుగా ఒక ఫైల్లో రాసిపెట్టుకున్నాను. ఇప్పుడు తెరిస్తే చాలావాటికి 'పేజ్ నాట్ ఫౌండ్' అని వస్తోంది. పాతవి దొరుకుతాయా? (సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు)

చాలాసార్లు పోయేది కాగితం కాదు, చిరునామా. ముందు జీవోల పోర్టల్‌లో వెతకండి. నంబరు ఒక్కటే ఉంటే చాలదు. ప్రతి శాఖకూ ఏటా నంబర్లు కొత్తగా మొదలవుతాయి, ఎంఎస్ (మాన్యుస్క్రిప్ట్), ఆర్‌టీ (రొటీన్) అనే రెండు రకాల జీవోల వరుసలు వేరువేరు. శాఖ, రకం, నంబరు, తేదీ నాలుగూ కావాలి.

అక్కడ లేకపోతే పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత లింకును యథాతథంగా అతికించండి. ఆ పేజీ కాపీ ఏ తేదీన తీశారో క్యాలెండర్ చూపిస్తుంది. సూర్యాపేట జిల్లా అయింది 2016 అక్టోబరు 11న. అంతకుముందు నోటీసులకు నల్లగొండ జిల్లా సైటు పాత చిరునామాతో వెతకాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వాళ్లయితే మహబూబ్‌నగర్ సైటు చూడాలి. ఎక్కడా దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తే దారి. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఇకమీదట మాత్రం లింకు కనపడ్డ రోజే రెండు పనులు చేయండి. ఒకటి, వేబ్యాక్‌లోని 'సేవ్ పేజ్ నౌ'లో ఆ లింకు ఇవ్వడం. పేజీని సేవ్ చేసినంత మాత్రాన అందులోని పీడీఎఫ్ కూడా వచ్చిందనుకోవద్దు. పీడీఎఫ్ లింకును విడిగా ఇచ్చి, సేవ్ అయిన కాపీని తెరిచి చూసుకోండి. క్యాప్చా, సర్వే నంబరు అడిగే పేజీల వెనుక ఉన్న సమాచారం ఇలా నిలవదు. భూ రికార్డుల పోర్టళ్లనే చూడండి: 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది, ఐదేళ్లు కూడా నిండలేదు. మీ భూమి వివరాలు మీరే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవాలి. ఇతరుల పహాణీలు మాత్రం బహిరంగంగా పెట్టకండి.

రెండోది, అసలు ఫైలును దించుకోవడం. పేరు ముందు ఏడాది, నెల, రోజు పెట్టి తర్వాత శాఖ, నంబరు రాస్తే ఫోల్డర్‌లో వాటంతటవే వరుసలో పడతాయి. పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్లో ఎక్కడినుంచి, ఏ తేదీన దించారో, దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) ఎంతో రాయండి. 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ' మెనూలో చూడొచ్చు. 64 అక్షరాలుంటుంది. ఫైల్లో ఒక్క బైటు మారినా విలువ మారిపోతుంది, విలువ రాసుకున్నాక ఫైలు మారిందో లేదో ఇలా తెలుస్తుంది. మూడు కాపీలు ఉంచండి, ఒకటి ఇంటి బయట. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు: ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడి ఉంటే అందులోని చార్జ్ కారిపోయి డేటా చెడుతుంది.

ప్రశ్న: డిజిటల్ సంతకమున్న సర్టిఫికెట్‌లో పసుపు ప్రశ్నార్థకం కనిపిస్తోంది. ప్రింటు తీసి స్కాన్ చేసి దాచమంటున్నారు, సరేనా? (జడ్చర్ల)

వద్దు. సంతకం ఫైలులోనే ఉంటుంది, కాగితం మీద మిగిలేది దాని బొమ్మ. స్కాన్ చేసినా, పీడీఎఫ్‌గా మళ్లీ ప్రింట్ చేసినా, దీర్ఘకాలం నిలిచే పీడీఎఫ్/ఏ రకానికి మార్చినా ఆ సంతకం చెల్లదు. పీడీఎఫ్/ఏ కావాలంటే వేరే కాపీగా చేసుకోండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు 'డాక్యుమెంట్'గానే పంపండి. ఆ ప్రశ్నార్థకం అంటే దొంగ సర్టిఫికెట్ అని కాదు, సంతకం వెనకున్న సీసీఏ ఇండియా (డిజిటల్ సంతకాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సర్టిఫికెట్ మీ అక్రోబాట్ రీడర్‌కు తెలియదని. ఫైలు అధికారిక సైటు నుంచే వచ్చిందని నిర్ధారించుకున్నాక, సంతకం ప్రాపర్టీస్‌లో సీసీఏ ఇండియాను నమ్మదగినవాటిలో చేర్చి మళ్లీ వ్యాలిడేట్ చేయండి.

ప్రశ్న: పాత తెలుగు పీడీఎఫ్‌లో అక్షరాలు చక్కగా కనిపిస్తున్నా కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. (దేవరకొండ)

అది అను వంటి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతాలు) కాని పాత ఫాంట్‌తో టైపు చేసినది. అందులో ఏ మాట వెతికినా దొరకదు. పేజీలను బొమ్మలుగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివి టెక్స్ట్‌గా మార్చడం) అవుతుంది. అసలు పీడీఎఫ్‌ను తీసేయకండి, పక్కన టెక్స్ట్ ఉంచండి. సర్వే నంబర్లు, విస్తీర్ణాలు మాత్రం ఒక్కొక్కటీ అసలుతో సరిచూడండి. ఓసీఆర్ 3ను 8 గా చదివిందంటే భూమే మారిపోతుంది.