పాత బిట్‌కాయిన్ వాలెట్, మరిచిపోయిన పాస్‌ఫ్రేజ్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 2013లో ల్యాప్‌టాప్‌లో బిట్‌కాయిన్-క్యూటీ అనే వాలెట్ ప్రోగ్రాం వేసుకుని కొన్ని కాయిన్లు కొన్నాను. వాలెట్ ఫైలు ఉంది, పాస్‌ఫ్రేజ్ మరిచిపోయాను. గోదావరి అన్న మాట, ఏవో నాలుగంకెలు, చివర ఒక సింబల్ పెట్టినట్టు లీలగా జ్ఞాపకం. ఎక్కువసార్లు తప్పు కొడితే లాకైపోతుందా?
– ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: లాక్ కాదండీ. ఏటీఎం కార్డులా మూడుసార్లకు బ్లాకయ్యేది కాదు ఇది. కోటిసార్లు తప్పు కొట్టినా ఫైలుకు ఏమీ కాదు. ప్రమాదమల్లా ఆ ఫైలు ఉన్న హార్డ్‌డిస్క్ పోవడమే. అందుకే మొదటి పని కాపీ తీయడం. సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, యాప్‌డేటా, రోమింగ్, బిట్‌కాయిన్ ఫోల్డర్ల వరుసలో వాలెట్.డీఏటీ అనే ఫైలుంటుంది. యాప్‌డేటా కనిపించకపోతే వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టండి. వాలెట్ ప్రోగ్రాం మూసేశాకే కాపీ చేయాలి. తెరిచి ఉండగా తీస్తే కాపీ సగంసగంగా రావచ్చు. రెండు పెన్‌డ్రైవ్‌లలో దాచి, ఇక మీ ప్రయోగాలన్నీ మూడో కాపీ మీదే చేయండి.

వెతికే ముందు అందులో డబ్బుందో లేదో చూసుకోండి. పాస్‌ఫ్రేజ్ ప్రైవేట్ కీలకే (కాయిన్లు ఖర్చు చేయడానికి కావాల్సిన రహస్య సంఖ్యలు) తాళం వేస్తుంది, అడ్రస్‌లు (కాయిన్లు అందుకునే ఖాతా నంబర్ల లాంటివి) తెరిచే ఉంటాయి. నెట్ ఆపేసి, బిట్‌కాయిన్ కోర్ (2014లో క్యూటీకి పెట్టిన కొత్త పేరు ఇది) పాత వెర్షన్‌లో కాపీని తెరవండి. వెర్షన్ 30 నుంచి ఈ పాత రకం ఫైలు నేరుగా తెరుచుకోదు. అడ్రస్‌లు రాసుకుని ఫోన్‌లో బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (బిట్‌కాయిన్ లావాదేవీలు చూపించే వెబ్‌సైట్) కొట్టి చూడండి. సున్నా అని రాగానే దిగులు పడొద్దు. మీరు ఒక్కసారి ఎవరికైనా కొంత పంపి ఉంటే, మిగిలిన చిల్లర ఆ వాలెట్‌లోనే రిసీవ్ జాబితాలో కనిపించని మరో అడ్రస్‌కు వెళ్లి ఉంటుంది. ఆ లావాదేవీ తెరిచి రెండో అడ్రస్ కూడా చూడాలి.

ఇక అసలు పని. ఈ వాలెట్ ప్రతి ప్రయత్నానికీ కనీసం 25,000 సార్లు హ్యాష్ అనే గజిబిజి లెక్క చేయిస్తుంది. కావాలనే అలా నెమ్మదిగా పెట్టారు. మామూలు ల్యాప్‌టాప్ సెకనుకు వంద ప్రయత్నాలు చేస్తుందనుకుందాం. ఏమీ గుర్తులేని 8 అక్షరాల పాస్‌వర్డ్‌కు ఆ లెక్కన 20 లక్షల ఏళ్లు దాటుతుంది. మీకు మూడు ముక్కలు గుర్తున్నాయి కాబట్టి మీ కథ వేరు.

గోదావరిని ఇంగ్లీషు అక్షరాల్లో మనం ఒకేలా రాయం. 'ద'కు డి ఒక్కటే పెట్టారా, పక్కన హెచ్ కూడానా: 2 రకాలు. దీర్ఘానికి ఎ ఒకటా రెండా: 2. 'వ'కు వి లేదా డబ్ల్యూ: 2. చివర ఐ, వై, రెండు ఈలు: 3. మొత్తం 24, మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అని చూస్తే 48. ఫేస్‌బుక్‌లో, ఈమెయిల్‌లో ఆ ఏడాది మీరు గోదావరిని ఎలా రాశారో వెతకండి, చాలా రకాలు అక్కడే రాలిపోతాయి.

అంకెల దగ్గర ఊహించొద్దు, కాగితాలు తీయండి. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న బండ్ల ఆర్సీలు, హాల్ టికెట్లు, పాత సిమ్ నంబరు చివరి నాలుగంకెలు, 2013. భీమవరం ఎస్టీడీ కోడ్ 08816లో సున్నా తీస్తే మిగిలేవీ నాలుగే. బండి నంబరుకు ముందు ఏపీ 37 పెట్టే అలవాటుంటే అదీ చేర్చండి. ఏపీ 39 జోలికి పోనక్కర్లేదు, ఆ సిరీస్ 2019లో గానీ రాలేదు. అంకెల జాబితా ఆరుకు తెగితే, 8 సింబల్స్ లేదా ఏదీ లేకపోవడం కలిపి 9, అంకెలు మాటకు ముందా వెనకా అన్నది 2. నలభై ఎనిమిదిని వీటితో గుణిస్తే 5,184. నిమిషం కూడా పట్టదు. అంకెలు అసలు గుర్తులేక పదివేలూ ప్రయత్నిస్తే 86,40,000. సరిగ్గా ఒక రోజు.

ఈ పనికి బీటీసీరికవర్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ముక్కల్ని ఒక టెక్స్ట్ ఫైలులో రాయాలి. ఒకే వరుసలో స్పేస్ ఇచ్చి రాసినవాటిలో ఏదో ఒకటే తీసుకుంటుంది. వరుస మొదట ప్లస్, తర్వాత స్పేస్ పెడితే అందులో ఒకటి తప్పనిసరి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే: ముక్క చివర డాలర్ గుర్తుంటే 'ఇది పాస్‌వర్డ్ చివరలోనే రావాలి' అన్న ఆదేశంగా తీసుకుంటుంది. నిజంగా డాలరే కావాలంటే శాతం గుర్తు, పక్కన పెద్ద ఎస్ రాయాలి. శాతం గుర్తే కావాలంటే రెండుసార్లు కొట్టాలి. ఇది తెలియక, సరైన పాస్‌ఫ్రేజ్ చేతిలో ఉండి కూడా దొరకలేదని వదిలేసినవాళ్లుంటారు. అందుకే ముందు మీకు తెలిసిన పాస్‌ఫ్రేజ్‌తో ఓ ఉత్తుత్తి వాలెట్ చేసి, ప్రోగ్రాం దాన్ని కనిపెడుతోందో లేదో చూడండి. ఆటోసేవ్ ఆప్షన్ పెట్టడం మరవొద్దు, కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

దొరక్కపోతే వెంటనే కొత్త మాటలు చేర్చకండి. ముందు టైపో ఆప్షన్లు వాడండి: షిఫ్ట్ తప్పడం, ఒక అక్షరం జారడం, రెండుసార్లు పడటం, పక్కపక్కవి తారుమారవడం. ఒక్క పొరపాటుకు అనుమతిస్తే జాబితా దాదాపు 50 రెట్లవుతుంది. అయినా ముప్పావుగంట పనే.

ప్రశ్న: నా వాలెట్ 12 మాటల కాగితం వానకు తడిసి ఒక మాట చెరిగిపోయింది.
– ఓ పాఠకురాలు, రాజోలు

జవాబు: మీది తేలికండీ. వాలెట్‌ను తిరిగి తెరిచే ఈ ఇంగ్లీషు మాటలు ఒక స్థిరమైన జాబితాలోంచే వస్తాయి, అందులో 2,048 మాటలే ఉంటాయి, ఏ రెండింటికీ మొదటి నాలుగక్షరాలు కలవవు. రెండు మూడక్షరాలు ఆనవాలు తెలిసినా కొద్ది మాటలే మిగులుతాయి. ఏమీ కనిపించకపోయినా, 12 మాటల్లో ఇమిడి ఉండే తనిఖీ లెక్క పదహారింట ఒకదాన్నే ఒప్పుకుంటుంది కాబట్టి 128 దాకా మిగులుతాయి. పాత అడ్రస్ ఒకటి తెలిస్తే వాటిలో మీదేదో తేలిపోతుంది. బీటీసీరికవర్‌తోనే వచ్చే సీడ్‌రికవర్‌ను నెట్ తీసేసిన కంప్యూటర్‌లో నడపండి. మాటలన్నీ తెరుచుకున్నా వాలెట్ ఖాళీగా కనిపిస్తే, అదనపు పాస్‌ఫ్రేజ్ ఏమైనా పెట్టారేమో గుర్తుచేసుకోండి. అది తప్పు కొట్టినా తప్పని చెప్పదు, వేరే ఖాళీ వాలెట్ చూపిస్తుంది.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ఒకాయన వాలెట్ ఫైలు, 20 వేలు అడ్వాన్సు పంపితే తీసిస్తానంటున్నాడు.
– ఓ పాఠకుడు, తణుకు

జవాబు: రెండూ పంపొద్దు. పాస్‌ఫ్రేజ్ వెతకడానికి మొత్తం ఫైలు అక్కర్లేదు. బిట్‌కాయిన్ కోర్ వాలెట్ నుంచి మాస్టర్ కీకి (ప్రైవేట్ కీలకు తాళం వేసే కీ) సంబంధించిన చిన్న ముక్కను మాత్రమే తీసే స్క్రిప్టు బీటీసీరికవర్‌లో ఉంది. ఆ ముక్కతో పాస్‌ఫ్రేజ్ కనుక్కోవచ్చు గానీ, ఫైలు మీ దగ్గరే ఉంటుంది కాబట్టి కాయిన్లు కదపలేరు. నిజంగా పని తెలిసినవాడు అది చాలంటాడు. 12 మాటల విషయంలో ఇలాంటి వెసులుబాటు లేదు, ఆ మాటలు చూసినవాడి చేతిలో డబ్బున్నట్టే. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: 2022 జూలై వరదలో మునిగిన సీపీయూ అటక మీద ఉంది. వాలెట్ అందులోనే.
– ఓ పాఠకుడు, లంక గ్రామం, కోనసీమ

జవాబు: కరెంటు పెట్టకండి. హార్డ్‌డిస్క్ మూతకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, మునిగితే అందులోంచి బురదనీరు లోపలికి దిగుతుంది. ఎండిన మట్టి రేణువు మీద ప్లేటు ఒక్కసారి తిరిగితే గీత పడి, ఆ చోటి డేటా శాశ్వతంగా పోతుంది. మూత మీరే విప్పొద్దు, క్లీన్ రూమ్ (దుమ్ము చొరని గది) ఉన్న డేటా రికవరీ ల్యాబ్‌కు అలాగే పంపండి. డిస్క్ ఇమేజ్ (డిస్క్‌లోని మొత్తం డేటాకు నకలు) మొత్తం కావాలని అడగండి.

ప్రశ్న: దొరికాక అమ్మితే పన్నెంత?
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: లాభం మీద 30 శాతం, దానిపై సెస్సు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇదే పద్ధతి. అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ కోస్తారు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తగ్గించుకోనివ్వరు కాబట్టి, కొన్ననాటి బ్యాంకు స్టేట్‌మెంట్ కోసం ఇప్పుడే బ్రాంచికి దరఖాస్తు పెట్టండి.